ఫుకట్ సాఫ్ట్‌వేర్ ఎందుకు స్ట్రక్ అవుతుంది, దాన్ని ఎవరు బాగుచేస్తారు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు మన దగ్గర తక్కువేమీ లేవు. నల్గొండ కోర్టు చుట్టుపక్కల డీటీపీ సెంటర్లలో, మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమాస్తా గదుల్లో, పాలమూరు ఊళ్ల బడుల్లో ఎనిమిదేళ్ల, పదేళ్ల నాటి మెషీన్ల మీదే పని నడుస్తోంది. కొత్తది కొనడానికి పైసలు లేనివాళ్లు, దొంగ కాపీ వాడటం ఇష్టంలేనివాళ్లు కొందరు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్ అనే ఫుకట్ ఆఫీస్ ప్యాకేజీ వేసుకుంటున్నారు. వేసుకున్న వారం పదిరోజులకు ఫోన్ వస్తుంది: "అన్నా, ఇది ఊకె స్ట్రక్ అయితున్నది, జర చూడు."

ఈ ఫిర్యాదుకు రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "ఫుకట్ల వచ్చింది గట్లనే ఉంటది" అనేది ఒకటి. ఓపెన్ సోర్స్ అభిమానులు చెప్పేది రెండోది: "కోడ్ అందరికీ తెరిచే ఉంది కదా, నువ్వే బాగుచేసుకోవచ్చు." మొదటి మాట నిలవదు. వేలు పోసి కొన్న ఆఫీస్ ప్యాకేజీ కూడా హ్యాంగ్ అవుతుంది, కాకపోతే డబ్బు పెట్టాం కాబట్టి దాన్ని తిట్టుకుంటూ వాడతాం. రెండో మాట ఇంకా అన్యాయం. వకీలు దగ్గర అఫిడవిట్లు టైపు చేసే పిల్లవాడిని సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ నేర్చుకొని రమ్మనడమది. అసలు తేలాల్సింది వేరే: ఇది ఎక్కడెక్కడ తెగుతుంది, తెగిన సంగతి బాగుచేసే మనిషి దాకా ఎట్లా చేరుతుంది, తెలుగువాళ్లకు తగిలే లోపాలు ఆ దారిలో ఎక్కడ ఆగిపోతున్నాయి.

లిబ్రేఆఫీస్ వయసు దాని పేరు కంటే చాలా పెద్దది. 1985లో జర్మనీలో మార్కో బోరీస్ అనే టీనేజీ కుర్రాడు స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టి, స్టార్‌రైటర్ అనే ప్రోగ్రామ్ అమ్మాడు. అది పెరిగి స్టార్‌ఆఫీస్ అయింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొని, 2000లో కోడ్‌ను ఓపెన్‌ఆఫీస్ పేరుతో అందరికీ తెరిచింది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి పోయింది. ఒరాకిల్ కింద ఇది బతుకుతుందన్న నమ్మకం లేని డెవలపర్లు అదే ఏడాది సెప్టెంబర్‌లో విడిపోయి డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సొంత సంస్థను ప్రకటించారు. లిబ్రేఆఫీస్ తొలి విడుదల, 3.3, 2011 జనవరిలో వచ్చింది. ఇంతమంది చేతులు మారిన కోడ్ లక్షల లైన్లలో ఉంది. విడిపోయిన కొత్తలో వాలంటీర్లకు దొరికిన మొదటి పనుల్లో ఒకటి, కోడ్ మధ్యలో జర్మన్‌లో రాసి ఉన్న వివరణలను ఇంగ్లిష్‌లోకి మార్చడం. అది పూర్తవడానికి ఏళ్లు పట్టింది. పాత ఇంటికి గోడ ఎవరు ఏ ఉద్దేశంతో కట్టారో తెలియకుండా గునపం వేస్తే ఏమవుతుందో, ఇక్కడ తరచూ అదే అవుతుంది.

ఒక పక్కమాట. ఒరాకిల్ తన దగ్గర మిగిలిన ఓపెన్‌ఆఫీస్‌ను 2011లో అపాచీ ఫౌండేషన్ అనే మరో ఓపెన్ సోర్స్ సంస్థకు ఇచ్చేసింది. దాని 4.1 వరస 2014లో మొదలైంది, ఇప్పటికీ ఆ వరసలోనే చిన్న చిన్న సవరణలతో నెట్టుకొస్తున్నారు. పేరు బాగా తెలిసింది కాబట్టి ఇంకా చాలామంది దాన్నే డౌన్‌లోడ్ చేస్తారు. ఎవరైనా "ఓపెన్‌ఆఫీస్ మాటిమాటికి ఆగిపోతోంది" అంటే నేను ముందు అడిగేది ఆ రెండింటిలో ఏది వేశారని. అపాచీది అయితే తీసేసి లిబ్రేఆఫీస్ వేయమంటాను. అక్కడితో సగం కేసులు తేలిపోతాయి.

మిగిలిన సగం కష్టం. స్ట్రక్ అయింది అన్నప్పుడు లోపల ఏం జరిగిందన్నది బయటికి కనిపించదు. ప్రోగ్రామ్ తనంతట తాను మూసుకుపోయి ఉండవచ్చు, తెర కదలకుండా నిలిచిపోయి ఉండవచ్చు, ఫైలు తెరుచుకున్నా పేజీలన్నీ చెదిరిపోయి ఉండవచ్చు. కారణాలు వేరు, మందులు వేరు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది యూజర్ ప్రొఫైల్ పాడవడం. మీ సెట్టింగులు, టూల్‌బార్లు, ఎక్స్‌టెన్షన్లు (పైన తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్‌లు), ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా అన్నీ లిబ్రేఆఫీస్ ఒక ఫోల్డర్‌లో దాచుకుంటుంది. కరెంటు పోయి మెషీన్ ఒక్కసారిగా ఆగితే ఆ ఫోల్డర్‌లోని ఫైలు సగం రాసి ఆగిపోవచ్చు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన సెంటర్లలో ఇది మామూలే. తర్వాత ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేసినా లాభం ఉండదు, ఎందుకంటే తీసేసినప్పుడు ఆ ఫోల్డర్ పోదు. "మూడుసార్లు వేసినా అంతే" అనేవాళ్ల కథ దాదాపుగా ఇదే. 2017లో వచ్చిన 5.3 నుంచి హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్‌లో మళ్లీ మొదలుపెట్టే ఆప్షన్ ఉంది. సేఫ్ మోడ్‌లో సాఫీగా నడిస్తే తప్పు ప్రొఫైల్‌లోనే ఉన్నట్టు. అక్కడే పాత బ్యాకప్‌కు వెళ్లవచ్చు, ఎక్స్‌టెన్షన్లు ఆపవచ్చు, అన్నిటినీ మొదటి స్థితికి తేవచ్చు.

రెండోది గ్రాఫిక్స్. 2020 ఆగస్టులో వచ్చిన 7.0తో విండోస్‌లో తెరమీద గీసే పనిని స్కియా అనే లైబ్రరీకి అప్పగించారు. అది గ్రాఫిక్స్ కార్డును వాడుకొని వేగంగా గీస్తుంది. కార్డును నడిపే చిన్న ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, పాతదైతే, లేదా డ్రైవర్‌లోనే లోపం ఉంటే, ప్రోగ్రామ్ కూలిపోతుంది, లేదంటే తెర నల్లబడుతుంది. చెడ్డ డ్రైవర్ల జాబితా ఒకటి లిబ్రేఆఫీస్ దగ్గర ఉంటుంది, అందులో ఉన్నవాటిని తనే పక్కన పెడుతుంది. ప్రపంచంలోని పాత కార్డులన్నీ ఆ జాబితాకు ఎక్కవు కదా. టూల్స్, ఆప్షన్స్, వ్యూ పేజీలో స్కియాను సాఫ్ట్‌వేర్ పద్ధతిలోనే నడపమని టిక్ పెడితే చాలా పాత మెషీన్లు కుదుటపడతాయి.

ఈ రెండూ ప్రపంచమంతటా ఉన్నవే, పరిష్కారాలు సులువుగా దొరుకుతాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి సంగతి మారుతుంది.

తెలుగు ఫాంట్లలో అక్షరం ఎత్తు ఒక్కో ఫాంటుకు ఒక్కోలా ఉంటుంది. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, వాటికి ఎంత చోటు వదలాలో ప్రతి ఫాంటు తనకు తోచినట్టు లెక్కేసుకుంటుంది. విండోస్‌లో నిర్మలా యూఐ, గౌతమి ఉంటాయి. అవి మైక్రోసాఫ్ట్‌తో వచ్చేవి కాబట్టి, విండోస్ బదులు కొందరు వాడే ఫుకట్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఉండవు. ఆ చోటులోకి లోహిత్ తెలుగో, నోటో తెలుగో అనే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. లైను ఎత్తు మారుతుంది, వెడల్పు మారుతుంది, పన్నెండు పేజీల దావా పద్నాలుగు పేజీలు అవుతుంది, సంతకం చోటు కొత్త పేజీకి ఒంటరిగా జారిపోతుంది. దీనికితోడు లిబ్రేఆఫీస్ ఇంగ్లిష్‌కు ఒక ఫాంటు, తెలుగులాంటి సంయుక్తాక్షరాల లిపులకు ఇంకో ఫాంటు విడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లిష్ వైపు సైజు పెంచి తెలుగు పెరగడం లేదని తల పట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. భాషల సెట్టింగులలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి, తెలుగును ఎంచుకుంటేనే ఆ రెండో పెట్టె కనిపిస్తుంది. వాడేవాడికి ఇది ప్రోగ్రామ్ పిచ్చిపట్టినట్టే ఉంటుంది, నేను వాళ్లను తప్పుపట్టను. లోపం కోడ్‌లో ఉందా, మెనూ అమరికలో ఉందా అన్నది వాళ్లకు అనవసరం.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్ల గొడవ మాత్రం వేరు. అవి యూనికోడ్‌వి, అంటే అన్ని మెషీన్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షర పద్ధతివి, కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి నడిపిన పద్ధతి అది, ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలే కనిపిస్తాయి. మన డీటీపీ సెంటర్లలో ఇరవై ఏళ్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దస్తావేజుల నమూనాలు అందులోనే ఉన్నాయి. దీనికి లిబ్రేఆఫీస్‌ను తిట్టి లాభం లేదు, కన్వర్టర్ పట్టుకొని ఓపికగా మార్చుకోవాల్సిందే.

అసలైన చిక్కు ఇంకా లోపల ఉంది. 5.3కి ముందు లిబ్రేఆఫీస్ విండోస్‌లో ఒక ఇంజిన్‌తో, మ్యాక్‌లో ఇంకోదానితో, లినక్స్‌లో మరోదానితో అక్షరాలను కూర్చేది. అదే ఫైలు మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించేది. 5.3తో అన్ని చోట్లా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్ వచ్చింది. మనలాంటి లిపులకు గత పదేళ్లలో జరిగిన పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. అయితే అక్షరం బాగా కనిపించినంత మాత్రాన పని అయిపోదు. "స్త్రీ" అన్న మాట చూడండి. మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. కర్సర్ దాన్ని ఒకే అడుగులో దాటాలి. బ్యాక్‌స్పేస్ కొడితే చివరి గుర్తు మాత్రమే పోవాలి. లైను చివరకు వచ్చినప్పుడు మధ్యలో విరగకూడదు. ఏదో ఒక అప్‌డేట్‌లో ఇందులో ఒకటి తప్పిందనుకోండి. బెర్లిన్‌లో కూర్చున్న డెవలపర్‌కు తెర మీద అందమైన గుండ్రటి గీతలు కనిపిస్తాయి, అంతే. అది తప్పని చెప్పగలిగేది రోజూ తెలుగు టైపు చేసే మనిషి ఒక్కరే, ఆ మనిషి దేవరకొండలోనో జడ్చర్లలోనో కూర్చొని "ఫుకట్ది కదా" అనుకొని సర్దుకుపోతాడు.

అప్‌డేట్‌లో బాగున్నది చెడిపోవడం అపురూపమేమీ కాదు. ఏటా ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి పెద్ద విడుదలలు వస్తాయి. 2024 నుంచి వాటికి ఏడాది, నెల కలిపి పేరు పెడుతున్నారు, 24.2, 24.8 అని. ఒక్కో విడుదలలో వేల మార్పులు ఉంటాయి. వర్డ్ ఫైలులో టేబుల్ సరిగా కనిపించాలని చేసిన మార్పు ఇంకెక్కడో ఫుట్‌నోట్‌ను చెడగొడుతుంది. అందుకే పని మీద ఆధారపడినవాళ్లు కొత్త వరస వచ్చిన రోజునే దాని మీదికి దూకకూడదు. అదే వరసలో మూడో నాలుగో సవరణ విడుదల వచ్చేదాకా పాతదాని మీద ఉండటం మేలు. కొత్త ఫీచర్ కోసం తహతహలాడే కుర్రాళ్లు సెంటర్ మెషీన్ మీద ప్రయోగాలు చేయడం నేను చూసినంతలో మంచికి రాలేదు.

మరి చెడిపోయింది ఎట్లా దొరుకుతుంది? ఫిర్యాదు బగ్‌జిల్లా అనే వెబ్‌సైట్‌లో నమోదవుతుంది, బగ్ అంటే ప్రోగ్రామ్‌లోని లోపం. మొదట అది "ధ్రువీకరించని" వరసలో ఉంటుంది. ఇంకెవరో ఒకరు అదే ఫైలు తెరిచి, అవే మెట్లు వేసి, "నాకూ ఇలాగే అయింది" అంటేనే ముందుకు కదులుతుంది. కాకపోతే "వివరాలు కావాలి" అన్న ముద్ర పడుతుంది, జవాబు రాకపోతే కొన్నాళ్లకు మూసేస్తారు. ధ్రువపడ్డాక, ముందు బాగుండి తర్వాత చెడిందని తేలితే, ఒక చక్కటి పద్ధతి ఉంది. పాత విడుదలల మధ్య కట్టిన ప్రోగ్రామ్‌లన్నీ వరసగా దాచి పెట్టిన భాండాగారాలు ఉన్నాయి. మధ్యది నడిపి చూస్తారు, బాగుంటే తర్వాతి సగం, చెడితే ముందు సగం. వెయ్యి మార్పులున్నా పది పరీక్షల్లో తప్పు చేసిన ఒక్క మార్పు చేతికి చిక్కుతుంది. దీనికి కోడ్ రాయడం రానక్కర్లేదు. నెట్, డిస్క్‌లో చోటు, ఓపిక ఉన్న డిగ్రీ విద్యార్థి ఎవరైనా చేయగలరు. తప్పు చేసిన మార్పు ఏదో తెలిస్తే, అది చేసిన డెవలపర్‌కే నేరుగా కబురు పోతుంది. ఈ వెతుకులాట జరగని బగ్‌కు, జరిగిన బగ్‌కు మధ్య తేడా చాలా ఉంటుంది.

సవరణ రాశాక అది గెరిట్ అనే చోట మరొకరి పరిశీలనకు వెళ్తుంది, యంత్రాలు దాన్ని రకరకాల సిస్టమ్‌ల మీద కట్టి పరీక్షిస్తాయి. చాలాసార్లు సవరణతోపాటు ఒక పరీక్ష కూడా కలుపుతారు. బగ్‌ను బయటపెట్టిన ఫైలునే, చిన్నది చేసి, కోడ్‌లో శాశ్వతంగా ఉంచుతారు. ఆ తర్వాత ఎవరు ఏ మార్పు చేసినా ఆ ఫైలు సరిగా తెరుచుకుందా లేదా అని యంత్రం చూస్తూనే ఉంటుంది. తెలుగు ఫైళ్లు అక్కడికి ఎన్ని చేరితే తెలుగు అంత భద్రంగా ఉంటుంది. స్థిరత్వం అన్నది ఎక్కువగా ఇక్కడ తయారవుతుంది.

ఇక డబ్బు సంగతి, దీన్ని దాచి మాట్లాడటం నాకు నచ్చదు. కోడ్ రాసేవాళ్లలో చాలామంది వాలంటీర్లే అయినా, బరువైన పనిలో పెద్ద వాటా కొలాబొరాలాంటి కంపెనీల జీతగాళ్లది. ఆ కంపెనీలకు డబ్బు కట్టే కస్టమర్లు ఉంటారు. ఆ కస్టమర్ల ఫైళ్లు తెరుచుకోకపోతే అవి ముందు బాగుపడతాయి, అది సహజం. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రేఆఫీస్‌కు మారుస్తామని 2024లో ప్రకటించింది. వాళ్ల అవసరాల వెనుక డబ్బు, ఒత్తిడి ఉంటాయి. దీని మీద ఏళ్ల తరబడి పనిచేసిన లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో లిబ్రేఆఫీస్ ప్యాకేజీలు ఇవ్వడం మానేస్తున్నట్టు 2023లో చెప్పింది. తెలుగు కర్సర్ కోసం డబ్బు కట్టే కస్టమర్ ఎవరూ నాకు కనిపించడం లేదు. డాక్యుమెంట్ ఫౌండేషన్ విరాళాల సొమ్ముతో, కుడి నుంచి ఎడమకు రాసే లిపులు, మనలాంటి లిపుల కోసం జీతమిచ్చి డెవలపర్‌ను పెట్టుకోవడం ఈమధ్య దొరికిన ఊరట. ఆ ఒక్క టేబుల్ మీదికి అరబిక్, హీబ్రూ, హిందీ, తమిళం అన్నీ వస్తాయి. కాబట్టి మీరు నమోదు చేసిన బగ్ ఏళ్లు కదలకపోవచ్చు. ఆ సంగతి ముందే తెలిసి దిగడం మంచిది.

వేరే రాష్ట్రాలను చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో చాలా ఏళ్లుగా ఫ్రీ సాఫ్ట్‌వేరే నడుస్తోంది. ఐటీ@స్కూల్‌గా మొదలై 2017లో కైట్‌గా మారిన సంస్థ టీచర్లకు శిక్షణ ఇస్తుంది, మలయాళానికి సరిపోయేలా లినక్స్‌ను తనే తయారుచేసి బడులకు పంపుతుంది. అక్కడ టీచర్‌కు ఏదైనా ఆగిపోతే అడగడానికి మనిషి ఉన్నాడు, ఆ మనిషికి పైన ఇంకో మనిషి ఉన్నాడు. మన దగ్గర హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థలు ఎప్పటినుంచో తెలుగు మీద పనిచేస్తున్నాయి. కానీ హైదరాబాద్ దాటి నాగార్జునసాగర్ రోడ్డు పట్టినా, కర్నూలు రోడ్డు పట్టినా ఆ గొలుసు కనిపించదు.

తోడ్పాటు అనగానే మనవాళ్లు ముందు అనువాదం వైపు పోతారు. మెనూల తెలుగు మాటలు వెబ్లేట్ అనే చోట ఎవరైనా సరిదిద్దవచ్చు, అది మంచి పనే. కానీ మన ఆపరేటర్లు చాలామంది మెనూ ఇంగ్లిష్‌లోనే ఉంచుకుంటారు. వాళ్లకు అక్కరకొచ్చేది ఫైలు పోకుండా ఉండటం. స్పెల్ చెకర్ మీద పని ఇంతకంటే విలువైంది. లిబ్రేఆఫీస్ వాడే హన్‌స్పెల్‌ను హంగేరియన్ కోసం తయారుచేశారు. ప్రత్యయాల మీద ప్రత్యయాలు చేరే భాష అది, ఆ విషయంలో మనకు చుట్టమే. అయినా "ఊళ్లోవాళ్లందరికీ" లాంటి మాటను పట్టుకోవాలంటే సంధి, విభక్తి నియమాలు ఎవరో కూర్చొని ఒక్కొక్కటిగా రాయాలి. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పరిధిలో కంప్యూటర్ చదివేవాళ్లు, తెలుగు చదివేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. ప్రాజెక్టుల పేరుతో ఏటా అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ సమర్పించేవాళ్లకు ఇది పనికొచ్చే పని.

నన్నడిగితే అన్నిటికంటే ముందు కావాల్సింది మధ్యలో నిలబడే మనిషి. డీటీపీ అమ్మాయికి బగ్‌జిల్లా ఇంగ్లిష్‌లో ఫారం నింపే తీరిక లేదు, కోడ్ రాసేవాడికి ఆమె కష్టం కనిపించదు. ఊరికి ఒక్కరు, ఆమె పక్కన కూర్చొని ఏం చేస్తే ఆగిపోయిందో చూసి రాసేవాళ్లు ఉంటే చాలు. రాయాల్సింది ఎక్కువేమీ ఉండదు. హెల్ప్ మెనూలోని అబౌట్ పెట్టె తెరిస్తే వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు అన్నీ కాపీ చేసుకోవచ్చు. ఏ ఫైలు తెరిచి, ఎక్కడ క్లిక్ చేసి, ఏం టైపు చేస్తే ఏం జరిగింది, ఏం జరగాల్సి ఉంది. తప్పుల ఇంగ్లిష్‌లో రాసినా ఎవరూ నవ్వరు, అక్కడ సగం మందికి ఇంగ్లిష్ సొంత భాష కాదు. కర్సర్ తప్పయితే తెలుగు రానివాళ్ల కోసం తెర ఫొటో మీద బాణం గీయాలి, సరైనది ఎలా ఉండాలో పక్కన ఇంకో ఫొటో పెట్టాలి. ఒక ఫిర్యాదులో ఒక్క బగ్గే రాయాలి. ఆగస్టు విడుదలకు ముందు వేసవిలో పరీక్షల కోసం వచ్చే బీటా వెర్షన్, అసలు ప్రోగ్రామ్‌ను కదపకుండా పక్కన వేరుగా పడుతుంది. తెలుగు పరీక్షలకు అదే సరైన సమయం, విడుదలయ్యాక మొత్తుకోవడం కంటే నయం.

ఫైలు జతచేసేముందు ఒక జాగ్రత్త. బగ్‌జిల్లాలో పెట్టింది ప్రపంచమంతా చూస్తుంది. మన సెంటర్లలో ఆగిపోయే ఫైళ్లు ఊరికే ఉండవు, పట్టా పాస్‌బుక్ నంబర్లు, ఆధార్లు, భార్యాభర్తల కేసుల అఫిడవిట్లు ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు పంపకూడదు. ఫైలుకు ఒక కాపీ తీసి, అందులో సగం తీసేసి, తప్పు ఇంకా జరుగుతోందా చూడాలి. జరిగితే మళ్లీ సగం తీయాలి, జరగకపోతే తీసిన సగం మీద అదే చేయాలి. చాలాసార్లు చివరికి ఒక టేబుల్, రెండు లైన్లు మిగులుతాయి. వాటిలో పేర్ల బదులు అఆఇఈలు పెట్టి, తప్పు ఇంకా అలాగే వస్తోందని ఒకసారి చూసుకొని, ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్‌లో రాసినవారి పేరు కూడా చెరిపేసి పంపాలి.